ఫిష్ ఫైండర్ తెర నాకు అర్థమైన తీరు

విశాఖ సముద్రంలో అడుగు చేపల కోసం గాలం వేసేవాళ్లకు కావలసింది రాతి దిబ్బ. ఇసుక, బురద పరుచుకున్న నేల మధ్య అక్కడక్కడా ఉండే ఆ దిబ్బలనే గ్రూపర్లు, స్నాపర్లు అంటిపెట్టుకుని ఉంటాయి. మా బాబాయి వాటిని కొండ గుర్తులతో పట్టేవాడు. డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్, దాని వెనక కొండ కొన ఒకే వరుసలోకి రాగానే ఇంజిన్ తగ్గించేవాడు. మబ్బు పడితే ఆ గుర్తులు కనిపించవు. అందుకే పడవకు ఫిష్ ఫైండర్ బిగించాడు. నీటిలోకి ధ్వనిని పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని తెర మీద బొమ్మగా గీసే యంత్రం అది. దాన్ని చదివే పని నాకు అప్పగించాడు.

మొదట పట్టుబడిన సంగతి, తెరలో కుడి అంచు ఒక్కటే ‘ఇప్పుడు’ అని. మిగిలిందంతా గడిచిపోయినదే. పడవ లంగరు మీద నిలిచి ఉన్నా తెర ఎడమకు జరుగుతూనే ఉంటుంది. చేప గుర్తు విల్లులా వంగి ఉండాలని చాలామంది చెబుతారు. పడవ చేప మీదుగా సాగిపోయినప్పుడే ఆ వంపు వస్తుంది: దూరం తగ్గి, మళ్లీ పెరుగుతుంది కాబట్టి. నిలిచిన పడవ కింద కదలకుండా ఉన్న చేప పొడవాటి గీతగా పడుతుంది. లంగరు వేసి విల్లుల కోసం చూస్తే, కింద మంద ఉన్నా లేదనిపిస్తుంది.

అసలు విద్య నేలను చదవడంలో ఉంది. ఉప్పునీటిలో ధ్వని సెకనుకు దాదాపు 1500 మీటర్లు వెళ్తుంది. 60 మీటర్ల లోతుకు వెళ్లి తిరిగి రావడానికి 0.08 సెకను చాలు. బురద ఆ ధ్వనిని చాలావరకు మింగేస్తుంది కాబట్టి నేల సన్నగా, వెలిసినట్టు కనిపిస్తుంది. రాయి గట్టిగా తిప్పికొడుతుంది. అప్పుడు నేల మందపాటి ఎర్ర పట్టీగా వస్తుంది. ఆ ప్రతిధ్వని నీటి పైభాగాన్ని తాకి మళ్లీ కిందికి వెళ్లి రావడంతో, సరిగ్గా రెట్టింపు లోతు దగ్గర రెండో నేల కూడా పడుతుంది. అది కనిపించాలంటే తెర పరిధిని 60 మీటర్ల నీటికి 120 దాటించి పెట్టాలి. ఈ రెండో నేలే నాకు అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు. సన్నని గీత ఉన్నచోట సీసం గుండు దింపితే బూడిదరంగు బురద అంటుకుని వచ్చింది. రెండో నేల పడినచోట దింపితే తంగూసు గుండా ‘టక్’మన్న దెబ్బ వేళ్లకు తగిలింది. అప్పటినుంచి బాబాయి చేప ఉందా అని అడగడం మానేశాడు. “ఏరా, కింద నేల ఎలా ఉంది?” అంటాడు.

తరువాత పౌనఃపున్యం, అంటే పంపే ధ్వని సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందన్న లెక్క. మా యంత్రంలో 200 కిలోహెర్ట్జ్ పెడితే 60 మీటర్ల లోతులో పన్నెండు మీటర్ల వెడల్పే కనిపిస్తుంది కానీ స్పష్టంగా ఉంటుంది. 50 పెడితే అంతకు నాలుగింతలు చూపిస్తుంది. అందులో కనిపించిన చేప పడవ కిందే ఉందనుకోకూడదు, ఎటో పక్కన ఉండవచ్చు. దిబ్బను వెతకడానికి 50, దాని మీద నిలిచాక 200. చేప బొమ్మలు వేసే సదుపాయాన్ని మాత్రం పూర్తిగా ఆపేశాను. నాచు ముక్కకూ, నీటి బుడగకూ అది చేప బొమ్మే వేస్తుంది.

200 మీద సీసం గుండు దిగడం కూడా కనిపిస్తుంది, కుడివైపు ఏటవాలుగా పడే సన్నని గీతగా. ఆ గీత నేలను తాకకముందే తెరలోంచి తప్పిపోయిందంటే ప్రవాహం గుండును పక్కకు లాగేసిందని అర్థం. వెంటనే బరువు పెంచుతాం, లేదా ప్రవాహానికి ఎగువకు పోయి మళ్లీ జారుతూ వస్తాం.

నేలకు మరీ అంటుకున్న చేప నేల గీతలోనే కలిసిపోతుంది. అడుగు భాగాన్ని మాత్రమే పెద్దది చేసి చూస్తే గీత మీద చిన్న బొడిపెలు కొన్ని బయటపడతాయి. కోనెం సంగతి వేరు. చేపల్లో ధ్వనిని బాగా తిప్పికొట్టేది గాలితిత్తి, కోనెంకు అదే లేదు. గుర్తు ఎప్పుడూ పలచగానే పడుతుంది. దాని కోసం వెళ్లిన రోజున తెర కంటే బాబాయి కళ్లనే ఎక్కువ నమ్ముతాను.