నాన్న ఎముకల స్కాన్‌లు

నాన్నకి ఊపిరితిత్తుల క్యాన్సర్ అని బయాప్సీలో తేలింది. అప్పటికే ఆయనకి నడుం నొప్పి. ఎక్స్‌రేలో ఏమీ లేదంటే హమ్మయ్య అనుకున్నాం. డాక్టరుగారు మాత్రం ఒప్పుకోలేదు. ఎముకలోని ఖనిజం ఇంచుమించు 30 నుంచి 50 శాతం కరిగితే గానీ ఎక్స్‌రేలో తెలియదట. జబ్బు ఎముకలకి పాకిందేమో చూడాలని బోన్ స్కాన్ రాశారు.

చేతి నరానికి టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన మందు ఎక్కించి, అది ఎముకలకు పట్టేదాకా మూడు గంటలు కూర్చోబెట్టారు. నీళ్లు బాగా తాగమన్నారు. స్కాన్‌కి ముందు తప్పకుండా మూత్రానికి వెళ్లి రమ్మన్నారు, మూత్రాశయంలో మందు నిలిస్తే కటి ఎముకలు సరిగా కనబడవని.

ఫిల్ములో ఎడమ పక్కటెముకల మీద ఒకే వరుసలో మూడు నల్లచుక్కలు, నడుం దగ్గర ఇంకోటి. నా గుండె జారిపోయింది. డాక్టరుగారు ఫిల్మును వెలుతురుకి పెట్టి చూసి, "పెద్దాయనా, ఎప్పుడైనా పడ్డారా?" అన్నారు.

"పోయినేడు బోరు దగ్గర జారి పడ్డానండీ."

పక్కటెముకల మీద చుక్కలు అలా వరుసగా ఉంటే చాలాసార్లు దెబ్బ వల్లేనట. ఎముక ఎక్కడ మరమ్మతు అవుతోందో బోన్ స్కాన్ చూపిస్తుంది, ఎందుకో చెప్పదు. విరిగి అతుకుతున్నా, కీళ్లు అరిగినా చుక్క పడుతుంది. రిపోర్టులో చుక్కలు చూసి బెంబేలెత్తిపోయే ప్రతి ఇంటివాళ్లకీ ఈ మాట ముందే చెప్పాలి.

నడుం చుక్క సంగతి ఎమ్మారై తేల్చింది. మూడో నడుం పూసలోకి జబ్బు పాకింది, వెన్నులోని నరాల మీద ఒత్తిడి మాత్రం లేదు. ఎమ్మారైలో నొప్పితో కదలకుండా పడుకోవడం కష్టం కాబట్టి, డాక్టర్ని అడిగి ముందుగానే నొప్పి మాత్ర వేయించండి.

తర్వాత పెట్-సీటీ. ఆరు గంటలు పస్తు, షుగరు 200 లోపు ఉండాలి. ఇందులో ఎక్కించేది చక్కెర లాంటి రేడియోధార్మిక మందు. ఇంజెక్షన్ అయ్యాక గంటసేపు మాట్లాడకుండా పడుకోవాలి, కండరాలు కదిలితే మందు అక్కడికి పోతుంది. ఎముకలతో పాటు లింఫ్ గ్రంథులు, కాలేయం కూడా ఇందులో కనిపిస్తాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో చాలామంది డాక్టర్లు నేరుగా దీన్నే రాయడం అందుకే. మెదడు ఎలాగూ చక్కెరను ఎక్కువగా పీల్చుకుంటుంది, అందులో జబ్బు విడిగా తెలియదు కాబట్టి దానికి విడిగా ఎమ్మారై తీశారు.

నడుముకి రేడియేషన్ మొదలైంది, నొప్పి తగ్గుతోంది. కాళ్లలో పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా అర్ధరాత్రయినా సరే వెంటనే తీసుకురమ్మని డాక్టరుగారు చెప్పారు.