కూర్చోవడమే పని

పాప పుట్టినప్పుడు 1,580 గ్రాములు. ముప్పై మూడో వారం. మా దిక్కు ఆడవాళ్ల లెక్కలో అది ఎనిమిదో నెల. ఏడో నెలలో పుట్టిన పిల్ల అయినా బతుకుతుంది గానీ ఎనిమిదో నెల పిల్ల నిలవదని మా ఊళ్లో ఒక మాట ఉంది. ఆపరేషన్ గదిలోంచి నన్ను తెచ్చి పండబెట్టగానే తలుపు అవతల ఎవరో ఆ మాటే అన్నారు. కాళ్లకు ఇంకా మత్తు దిగలేదు, చెవులు మాత్రం పనిచేస్తున్నాయి. అది తప్పని పిల్లల డాక్టరమ్మ తర్వాత విడమరిచి చెప్పారు. కడుపులో గడిచిన ఒక్కో వారం బిడ్డకు బలమే, ఏడో నెల పిల్లకంటే ఎనిమిదో నెల పిల్లకే ఆసరా ఎక్కువ. ఇప్పుడు నా ముందు ఎవరైనా ఆ మాటెత్తితే అక్కడే ఆపేస్తాను. బాలింత చెవిన పడాల్సిన మాట కాదది.

మాది చండూరు దగ్గర పల్లె. నేను బడిలో చిన్నపిల్లలకు లెక్కలు చెబుతాను. మా ఆయన బోరు మోటర్లు బాగుచేస్తాడు. కార్తీకం చివర్లో, ఊరంతా పత్తి ఏరే రోజుల్లో, నా కాళ్లు, మొహం వాచాయి. తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు. ఆశ అక్క వచ్చి బీపీ చూసి, ఇంకో మాట లేకుండా 108కి ఫోన్ చేసింది. నల్లగొండ సర్కారు దవాఖానలో రెండు రోజులు బీపీని పట్టి ఉంచారు. ఆ రెండు రోజుల్లోనే పన్నెండు గంటలకొకటి చొప్పున నాలుగు ఇంజెక్షన్లు ఇచ్చారు. అవి నాకోసం కాదు, లోపలున్న పాప ఊపిరితిత్తులు తొందరగా సిద్ధం కావడానికి. మూడోనాడు ఆపరేషన్ చేశారు.

పాపను నాకు ఒక్క క్షణం చూపించి తీసుకుపోయారు. 'బాక్సుల పెట్టిండ్రు' అన్నాడు మా ఆయన. అంతకుమించి అతనికీ తెలియదు.

మర్నాడు చక్రాల కుర్చీలో తీసుకుపోతే చూశాను. ముక్కులోంచి సన్నటి గొట్టం, కాలికి వైరు. కామెర్లకు నీలం లైటు కింద పెట్టి కళ్లకు గంతలు కట్టారు. నా అరచేయంత వీపు. అలాంటి పిల్లలకు చర్మం కింద కొవ్వు చాలా తక్కువట, అందుకే ఒంట్లో వేడి నిలవదు. పీల్చడం, మింగడం, ఊపిరి తీసుకోవడం, ఈ మూడూ కుదరడం ముప్పై నాలుగో వారం దాటాక గానీ రాదట. అందుకని పాలు గొట్టంతోనే. ఆ పాలు నావే కావాలన్నారు సిస్టర్. చేత్తో పిండడం ఆమే నేర్పారు. మొదటిరోజు అరగంట కూర్చుంటే గిన్నె అడుగు తడిసింది, అంతే. పసుపుపచ్చగా, చిక్కగా ముర్రుపాలు. ఏడుపొచ్చింది నాకు. సిస్టర్ దాన్నే సిరంజిలోకి జాగ్రత్తగా ఎత్తి, 'మూడు మిల్లీలు వచ్చినయి, ఇప్పుడు పాపకు కావాల్సింది అంతే' అన్నారు. రెండు గంటలకోసారి, రాత్రి కూడా. వార్డులో మా నలుగురు తల్లులం తెల్లవారుజామున రెండింటికి గిన్నెలు పట్టుకుని గోడవారగా వరుసగా కూర్చునేవాళ్లం. ఎవరూ మాట్లాడేవాళ్లం కాదు. ఒకామెకు పాలు బాగా వచ్చినరోజు మిగతా ముగ్గురం తలెత్తి చూసేవాళ్లం.

నాకు లెక్కలు రాసుకునే అలవాటు. నోటు పుస్తకంలో పాప బరువు రోజూ రాశాను. 1,580. 1,550. 1,500. ఐదోరోజు 1,440. ఆ పేజీ మీద పెన్ను ఎంత గట్టిగా నొక్కానో, అచ్చు వెనక పేజీ మీద కూడా పడింది. అమ్మకు చూపించాను. అమ్మకు చదువు రాదు కానీ కాంట తెలుసు. ముప్పై ఏళ్లుగా పత్తి ఏరి కిలోల లెక్కన కూలి తీసుకున్న మనిషి.

'పొద్దుగాల మంచుల ఏరిన పత్తి బరువుంటది బిడ్డా. ఎండకు ఆరబోస్తే కాంట తగ్గుతది. పత్తి పోయినట్టా? నీళ్లు పోయినట్టు. నీ బిడ్డకు గూడ నీరే తీస్తున్నది' అంది.

సాయంత్రం రౌండ్స్‌కు వచ్చిన డాక్టరమ్మ కూడా అదే చెప్పారు. పుట్టిన పిల్లలందరికీ మొదటి వారం ఒంట్లో ఎక్కువున్న నీరు పోయి బరువు తగ్గుతుందని, నెల తక్కువ పిల్లల్లో అది ఇంకాస్త ఎక్కువని. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ పాప బట్టలు మడతపెడుతోంది.

ఆరో రోజు సిస్టర్ వచ్చి, 'ఇయ్యాల్టి నుంచి కంగారూ తల్లివి నువ్వు' అన్నారు. కంగారూ అన్న జంతువును అమ్మ ఎప్పుడూ చూడలేదు. 'కంగారు తల్లి అంటే? ఇప్పటిదాకా పరేషానయింది చాలదా' అని అడిగింది. సిస్టర్ గోడమీది బొమ్మ చూపించారు, కడుపు సంచిలో పిల్లను పెట్టుకున్న తల్లిని.

పద్ధతి చెప్పడానికి చాలా చిన్నది. పాపకు టోపీ, మేజోళ్లు, లంగోటి మాత్రమే ఉంచి, నా రొమ్ముల మధ్య నిలువుగా, ఒంటికి ఒళ్లు తగిలేలా పండబెట్టారు. తల ఒక పక్కకు తిప్పి, మెడ కొంచెం పైకి ఉంచాలి, లేకపోతే గాలి ఆడదు. కాళ్లు కప్పకాళ్లలా మడిచి ఉండాలి. పైనుంచి మెత్తటి గుడ్డతో కట్టేయాలి. ఆ గుడ్డకోసం అమ్మ తన పాత నేత చీరను మధ్యకు చింపింది. ఉతికి ఉతికి దూదిలా అయిన చీర. నేను పూర్తిగా పడుకోకుండా, దిండ్లకు చేరగిలబడి కూర్చోవాలి. ఎంతసేపు? రోజుకు ఎనిమిది గంటలకు తగ్గకుండా, ఎంత ఎక్కువైతే అంత మంచిదని చెప్పారు.

ఈ పద్ధతి 1978లో కొలంబియా దేశం బొగోటా నగరంలో మొదలైంది. అక్కడ ఒక దవాఖానలో పిల్లలు ఎక్కువ, వాళ్లను వెచ్చగా ఉంచే పెట్టెలు తక్కువ. ఒక్కో పెట్టెలో ఇద్దరు ముగ్గుర్ని పెడితే ఒకరి జబ్బు ఒకరికి అంటుకుంటోంది. అప్పుడు ఎడ్గార్ రే అనే డాక్టర్ పిల్లల్ని తల్లుల గుండెలకే కట్టించి చూశారట. లేమిలో పుట్టిన ఉపాయం. కానీ 2021లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన నేను తర్వాత చదివాను. మన దేశంతో పాటు ఘనా, మలావి, నైజీరియా, టాంజానియాల్లో చేశారు. పుట్టిన వెంటనే ఇలా కట్టుకున్న పిల్లల్లో మరణాలు నాలుగో వంతు తగ్గాయి. పెట్టెలున్న చోట కూడా తల్లి రొమ్మే మేలని తేలింది. పెట్టె దొరకని పేదలకు సర్దిచెప్పే వైద్యమని ఎవరైనా అనుకుంటారేమోనని ఇది రాస్తున్నాను.

చెప్పడానికి చిన్నదన్నాను, చేయడం కాదు. నేను జీవితంలో ఎప్పుడూ అన్ని గంటలు ఊరికే కూర్చోలేదు. మా ఇళ్లలో ఏ ఆడది కూర్చుంది? అమ్మ పొద్దున నాలుగింటికి లేచి వాకిలి చిమ్మి, వంట చేసి, చేనుకు పోయి, వచ్చి మళ్లీ పొయ్యి ముట్టించేది. అన్నం తినేటప్పుడు కూడా సగం లేచే ఉండేది. అలాంటి అమ్మ ఇప్పుడు నా పక్కన స్టూలు మీద కూర్చుని, నేను కదిలితే కసిరేది. 'ఏడికి లేస్తున్నవ్? నీ పనేంది? కూసునుడే నీ పని.' నీళ్లు నోటికి అందించేది. జడ వేసేది. ఎల్లిగడ్డ కారంతో అన్నం కలిపి ముద్దలు పెట్టేది. కుట్లు సలిపేవి, వీపు పట్టేసేది, అయినా రొమ్ము మీద ఆ పిట్టంత ఊపిరి ఆడుతుంటే లేవబుద్ధి కాలేదు.

అలా కట్టుకున్న రెండోరోజు పాప ఊపిరి ఆగింది. మిషను కూత పెట్టింది, పెదవులు నల్లబడ్డాయి. సిస్టర్ ఒక్క అంగలో వచ్చి అరికాలు రుద్దితే మళ్లీ తీసుకుంది. నెల తక్కువ పిల్లలు ఒక్కోసారి ఊపిరి తీసుకోవడం మరిచిపోతారట. ఆ రాత్రి నేను కళ్లు మూయలేదు, అమ్మా మూయలేదు. చేత్తో చూసుకోవడం సిస్టర్ నేర్పారు. ముందు పొట్ట, తర్వాత పాదాలు ముట్టుకోవాలి. రెండూ వెచ్చగా ఉంటే సరే. పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే పాపకు చలి మొదలైనట్టు. రెండూ చల్లబడితే వెంటనే పిలవాలి. ఇది ప్రతి తల్లికీ తెలిసి ఉండాలి.

మా ఆయన సంగతి చెప్పాలి. నేను స్నానానికి పోయే అరగంట పాపను ఎవరు పెట్టుకోవాలి అంటే 'తండ్రి లేడా?' అన్నారు సిస్టర్. అతని గోళ్లలో ఎప్పుడూ మోటరు గ్రీజు ఉంటుంది. గోళ్లు కత్తిరించుకుని, మోచేతుల దాకా మూడుసార్లు సబ్బు పెట్టి, చొక్కా విప్పి కూర్చున్నాడు. ముప్పావుగంట తర్వాత నేను వస్తే, ఇవ్వనన్నాడు. 'ఇంకొంచెంసేపు. మంచిగ నడుస్తున్నది' అన్నాడు గుసగుసగా, ఎండిన బోరులో నీళ్లు పడ్డప్పటి మొహంతో.

పదమూడోరోజుకు పుట్టిన బరువు తిరిగొచ్చింది. గొట్టం తీసేసి పలాడైతో పట్టించడం మొదలుపెట్టారు. ముక్కున్న చిన్న గిన్నె అది. అమ్మ చూసి 'ఉగ్గుగిన్నెనే గద' అంది. ఇరవై రెండోరోజు 1,810. బాలింతల్ని ఇంటికి దింపే సర్కారు 'అమ్మ ఒడి' బండిలో ఇంటికి పంపారు.

ఇంట్లో అసలు పరీక్ష. బయట చలి, లోపల అత్తమ్మ. అత్తమ్మ మంచి మనిషి. ఐదుగురిని పెంచింది. నూనె మర్దన, వేడినీళ్ల స్నానం, సాంబ్రాణి పొగ లేకుండా పిల్ల ఎట్లా పెరుగుతుందో ఆమెకు అర్థం కాలేదు. రెండున్నర కిలోలు వచ్చేదాకా స్నానం వద్దు, పొగ అసలే వద్దు, తేనె చుక్క కూడా నాకించొద్దు అని డాక్టరమ్మ రాసిచ్చారు. నేను చెబితే కోడలు ఎదురు చెప్పినట్టవుతుంది. అమ్మే చెప్పింది. 'వదినె, పిల్ల ఇంక కడుపుల ఉన్నట్టే లెక్క. కడుపుల ఉన్న పిల్లకు తానం పోస్తమా?' అత్తమ్మ కాసేపు ఏమీ అనలేదు. ఆ రాత్రి తన ఉన్ని శాలువా తెచ్చి నా భుజాల మీద కప్పింది. పాప అరికాలికి మాత్రం దిష్టి చుక్క పెట్టింది. దానికి నేనూ అడ్డు చెప్పలేదు.

చూడ్డానికి వచ్చిన ఒకామె 'కూసుండబెట్టి మేపుతుండ్రు, అదృష్టవంతురాలు' అంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్తమ్మ ఊరుకోలేదు. 'రాత్రంత కూసోని చూడు, తెలుస్తది' అంది.

ముప్పయ్యో రోజు లోపల కంటి పరీక్ష తప్పనిసరి అన్నారు. నెల తక్కువ పిల్లల కంటి వెనక రక్తనాళాలు పూర్తిగా పెరిగి ఉండవు, ఆలస్యమైతే చూపు పోవచ్చు. ఇరవై ఎనిమిదోరోజు పాపను గుండెకు కట్టుకునే పోయాం. కళ్లు బాగున్నాయి. అలాంటి పిల్లలున్నవాళ్లు ఈ ఒక్కటి మరిచిపోవద్దు, పైకి ఏమీ కనిపించదు.

ఆ తర్వాత అంగన్‌వాడీలో కాంట. రోజుకు పాతిక, ముప్పై గ్రాములు. కాంట మీద నుంచి టీచరమ్మ అంకె చెబుతుంటే అమ్మ వేళ్ల మీద లెక్కపెట్టుకునేది.

నలభై ఎనిమిదోరోజు, సంక్రాంతికి నాలుగు రోజుల ముందు, 2,510. దారి పొడుగునా అమ్మ ఆ అంకెను అందరికీ చెబుతూ వచ్చింది. ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ కాగులో నీళ్లు పెట్టేసి, పీట వేసుకుని, కాళ్లు చాపి కూర్చుని ఉంది. పాపను ఆమె కాళ్ల మీద పండబెట్టాను. మొదటి చెంబు పడగానే పాప ఏడ్చింది, పక్కింటికి వినబడేంత గట్టిగా. అలాంటి ఏడుపు నేను అంతవరకు వినలేదు. అత్తమ్మ నవ్వుతూ నలుస్తోంది, అమ్మ నీళ్లు పోస్తోంది. నేను మంచం మీద, ఖాళీ అయిన చీర కట్టు పట్టుకుని, అలవాటుగా కూర్చునే ఉన్నాను.

'ఇగ లే బిడ్డా' అంది అమ్మ, చూడకుండానే. 'ఆ కాగుల నీళ్లు అందుకో.'

లేచాను.