ఇవాళ గోడ పట్టుకోలేదు

8 నెలల తర్వాత ఈ పొద్దున మంచం దిగి, గోడ ఆసరా లేకుండా బాత్రూమ్ దాకా నడిచాను. సగం దూరం వెళ్ళాక గానీ వెలగలేదు, నొప్పి లేదని!

ప్లాంటార్ ఫేషియైటిస్. మడమ ఎముక నుంచి కాలివేళ్ళ దాకా అరికాలి కింద ఉండే మందపాటి పట్టీకి వచ్చే జబ్బు. రాత్రంతా కదలిక లేక అది బిగుసుకుపోతుంది, అందుకే పొద్దున మొదటి అడుగే నరకం. మేకు మీద కాలేసినట్టే. మొదటి 3 నెలలు "అదే తగ్గుతుందిలే" అని అరిగిపోయిన చెప్పులతోనే తిరిగాను. బుద్ధి తక్కువై.

డాక్టరు చెప్పింది వింటే నవ్వొచ్చింది. మంచం దిగకముందే పాదానికి టవల్ తగిలించి, మోకాలు వంచకుండా 30 సెకన్లు నావైపు లాక్కోవాలట. సాయంత్రం గడ్డకట్టిన నీళ్ళ సీసాని అరికాలి కింద దొర్లించాలట. ఇంతేనా అన్నాను. ఇంతే, కానీ రోజూ అన్నారు. ఆ "రోజూ" దగ్గరే వచ్చింది చిక్కంతా.

మడమ మీద భారం తగ్గాలని రాత్రి తిండి తగ్గించాను, 6 కిలోలు దిగాను. నడక కుదరక ఈత నేర్చుకున్నాను (42 ఏళ్ళకి, చిన్నపిల్లల బ్యాచ్‌లో, నడుముకి ఫ్లోట్ కట్టుకుని!).

టవల్ మాత్రం ఇంకా తలగడ పక్కనే ఉంది.