స్టెంటు పడ్డాక ఉదయగిరి

గుండె రక్తనాళం మూసుకుపోకుండా స్టెంటు (సన్నటి జాలీ గొట్టం) వేయించుకున్నవాళ్ళకి ఊళ్ళన్నీ రెండే రకాలు: ఆ పని చేసే క్యాథ్ ల్యాబ్ దగ్గరున్నవి, లేనివి. కొండమీద పాత కోట ఉన్న ఉదయగిరి రెండో రకం. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా సుమారు 100 కిలోమీటర్లు. దారిలో ఆత్మకూరులోనూ, ఉదయగిరిలోనూ ప్రభుత్వాసుపత్రులున్నా, యాంజియోప్లాస్టీ, అంటే మూసుకున్న నాళం తెరవడం, కావాలంటే మళ్ళీ నెల్లూరు రావాల్సిందే. ఆ లెక్కలు వేసుకునే చాలామంది ఇల్లు కదలరు. టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష) చేయించుకుని, డాక్టరు సరేనన్నాక జనవరిలో బయల్దేరాను. ఎండాకాలంలో ఆ కొండ జోలికి పోకూడదు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకి చెమట పట్టి ఒంట్లో నీళ్ళు తగ్గితే కళ్ళు తిరుగుతాయి.

మందులు కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టొద్దు, వేడికి పాడవుతాయి. సగం నా దగ్గర, సగం తోడొచ్చినవాళ్ళ దగ్గర ఉంచాం. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర టికాగ్రెలార్ అయితే 12 గంటలకోసారి, క్లోపిడోగ్రెల్ అయితే రోజుకొకటి. ప్రయాణం హడావుడిలో ఇవి ఎగ్గొడితే స్టెంటులో రక్తం గడ్డ కట్టొచ్చు. గుండెనొప్పి వస్తే వాడే సార్బిట్రేట్ మాత్రం సంచిలో కాదు, జేబులో ఉండాలి. నాలుక కింద పెట్టుకునే ముందు కూర్చోవాలి. నిలబడి పెట్టుకుంటే బీపీ దిగి పడిపోతారు. 5 నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి, ఇంకాసేపు చూద్దాం అనుకోకూడదు.

ఆత్మకూరులో ఇడ్లీ తిన్నాం. పొట్ట నిండా తిని వెంటనే కొండెక్కితే గుండెకి రెండు పనులు ఒకేసారి పడతాయి, అందుకని గంటన్నర ఆగాం. కొబ్బరిబోండాలు కనిపించగానే ఆగబుద్ధేస్తుంది. రామిప్రిల్, స్పైరొనోలాక్టోన్ లాంటి బీపీ, గుండె మందులు వాడేవాళ్ళు, అందులోనూ కిడ్నీ సరిగా లేనివాళ్ళు, డాక్టర్ని అడిగే తాగాలి. ఆ మందులు పొటాషియాన్ని ఒంట్లో నిలబెడతాయి, బోండాం నీళ్ళలో అదే జాస్తి.

ఈ ఉదయగిరి దుర్గాన్ని ఒడిశా రాజులైన గజపతుల దగ్గర్నుంచి గెలవడానికి కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడి వేశాడు. 1514లో చేజిక్కించుకుని, ఇక్కడి బాలకృష్ణుణ్ణి హంపీకి తీసుకుపోయి గుడి కట్టించాడు. కొండ 3 వేల అడుగుల పైమాటే. సైన్యంతో వచ్చిన ఆయనకే అంతకాలం పడితే, మాత్రల డబ్బాతో వచ్చిన నేను సగం ఎక్కి దిగొస్తే తప్పేం లేదు.

ఎక్కేటప్పుడు చేతి గడియారం చూపించే నాడి లెక్క నమ్మొద్దు. మెటొప్రొలాల్ లాంటి మాత్ర నాడిని పెరగనివ్వదు. గుండె అలిసిపోతున్నా అంకె తక్కువే చూపిస్తుంది. మాటే కొలత. పక్కనున్నవాళ్ళతో ఒక వాక్యం ఆపకుండా చెప్పగలిగితే నడవొచ్చు. రెండు మాటలకే రొప్పు వస్తే ఆగాలి. ఊరికే అలిసినప్పుడు ఉన్నపళంగా కూలబడొద్దు, రక్తం కాళ్ళలోనే నిలిచి తల తిరుగుతుంది. నెమ్మదిగా నాలుగడుగులు వేసి అప్పుడు కూర్చోవాలి. నొప్పి వస్తే మాత్రం అక్కడికక్కడే కూర్చోవాలి. గడ్డకట్టనివ్వని ఆ మాత్రల వల్ల కంప గీరుకుంటే రక్తం ఒక పట్టాన ఆగదు. శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు వదలకుండా అదమాలి, మధ్యలో ఎత్తి చూడకూడదు.

ఛాతీలో ప్రతి చురుక్కూ గుండెది కాదు. వేలితో ఇక్కడేనని చూపించగలిగి, ఒళ్ళు తిప్పితే మారే నొప్పి చాలాసార్లు కండరాలది. రొమ్ము మీద బరువు పెట్టినట్టుండి, దవడకో ఎడమ చేతికో పాకి, చల్లచెమటలు పడితే ఇక ఒక్క అడుగూ వేయకూడదు. ఈ తేడా తెలిసినంత మాత్రాన భయం పోలేదు. అది ఇంట్లో మంచం మీద కూడా ఉండేదే కాబట్టి, దాన్ని చూసి కొండ మానుకోవడంలో నాకు అర్థం కనిపించలేదు.

దిగాక చెక్క చెంచాలు చేసేచోటికి వెళ్ళాం. ఒకాయన ఆకురాయితో చెంచా గుంత అరగదీస్తున్నాడు. పొట్టు ఒళ్ళో రాలుతోంది, రెండు తోపులకోసారి బొటనవేలితో తడిమి నునుపు చూసుకుంటున్నాడు. నూనె, పసుపు మరకలు పడతాయి, నానబెట్టకుండా కడిగి నీడలో ఆరబెట్టమన్నాడు. ఒక టీస్పూను కొన్నాను. రోజుకి 5 గ్రాముల ఉప్పంటే దాదాపు అంతే, ఊరగాయలో ఉన్నదీ కలుపుకుని. నెల్లూరోళ్ళకి ఇది కొండెక్కడం కంటే కష్టం.

గుండె పంపింగ్ తక్కువున్నవాళ్ళు ఇలాంటి ప్రయాణం తర్వాత రోజూ పొద్దున్నే బరువు చూసుకోవాలి. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగినా, పాదాలు వాచినా ఒంట్లో నీరు చేరుతోందని అర్థం; డాక్టరుకి ఆరోజే చెప్పాలి.