ఆరుద్రను చూడటానికి కళింగపట్నం

మా ఇంట్లో ఆరుద్ర అంటే వాన. జూన్ 22 వచ్చిందంటే నాన్న నోట ఆ మాటే. "ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయి" అంటూ మబ్బుకేసి చూసేవాడు. మడిగట్ల మీద ఎర్ర మఖమల్ ముక్కల్లా ఆరుద్ర పురుగులు పాకేవి. ఆరుద్ర అనే పేరుతో ఆకాశంలో ఒక చుక్క ఉందనీ, అదీ ఎర్రగానే ఉంటుందనీ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నాన్నకి డెబ్బై దాటినా తెలీదు. పంచాంగంలో పేరుంది, నెత్తిమీద చుక్క ఉంది, రెండూ ఒకటేనని ఆయనకి ఎవరూ చూపించలేదు. మొన్న కార్తీకంలో కంటికి శుక్లం ఆపరేషన్ అయ్యాక "కొత్త బల్బు ఎట్టినట్టుందిరా" అన్నాడు. చూపిస్తే ఇప్పుడే చూపించాలనిపించింది.

ఆరుద్ర కార్తెలో ఆరుద్ర కనపడదు. సూర్యుడు ఆ నక్షత్రం ఉన్న దిక్కుకి వచ్చినప్పుడే ఆ కార్తె. అంటే రెండూ కలిసే పొద్దున ఎక్కి, కలిసే సాయంత్రం దిగిపోతాయి. దాన్ని రాత్రంతా చూడాలంటే ఆరు నెలలు ఆగాలి. అందుకే డిసెంబరు అమావాస్యకి, నాన్నకి మంకీ క్యాప్ పెట్టి, బండి వెనక కూర్చోబెట్టుకుని శ్రీకాకుళం నుంచి బయల్దేరాను.

దారిలో శాలిహుండం కొండెక్కాం. గిడుగు రామమూర్తి పంతులు గారు 1919లో ఈ బౌద్ధ స్థలాన్ని వెలుగులోకి తెచ్చారు. మన వాడుకభాష కోసం పోట్లాడిన ఆయనే. పైన ఇటుక స్తూపాలు, కింద వంశధార. నాన్న మెల్లగా ఎక్కి, ఒక ఇటుక మీద అరచెయ్యి ఆనించి, "ఎండకి ఇంకా ఎచ్చగున్నాది" అన్నాడు. ఎక్కువసేపు ఉండలేదు. ఐదున్నరకల్లా పొద్దు గుంకిపోతుంది.

కళింగపట్నంలో దీపస్తంభం వెలుగు కంట్లో పడకుండా ఏటి మొగ వైపు ఇసకలో నడిచాం. ఒడ్డుకి లాగిన పడవ ఒకటి దొరికింది. దానికి ఆనుకుని కూర్చుని ఫోన్లు జేబులో పెట్టేశాం. చీకటికి కన్ను బాగా అలవాటు పడాలంటే అరగంట కావాలి. మధ్యలో ఒక్కసారి ఫోన్ చూసినా మళ్ళీ మొదటికే వస్తుంది. తూర్పున పిల్లలకోడి అప్పటికే పైకొచ్చేసింది. దాన్ని నాన్నే గుర్తుపట్టాడు. ఒక్కో చుక్కా వేలితో లెక్కపెట్టి "ఆరు" అన్నాడు. ఆపరేషన్‌కి ముందు ఆయనకి అక్కడ ఏమీ కనిపించేది కాదు.

దాని కింద, సముద్రం మీది మసక దాటి మూడు చుక్కలు ఒకదాని మీద ఒకటి, దాదాపు నిటారుగా పైకొచ్చాయి. మా నాయనమ్మ వీటిని గొల్లకావిడి అనేది. కావిడి నిలువుగా ఎందుకుందని నాన్న అడిగాడు. ఎక్కేటప్పుడు అలాగే ఉంటుంది, నడినెత్తికి వచ్చేసరికి ఒరుగుతుంది. పురాణంలో మాత్రం ఇవి కావిడి కాదు, బాణం. లేడి రూపంలో పారిపోతున్న ప్రజాపతిని రుద్రుడు కొట్టిన బాణం. ఆ లేడి తలే మృగశిర. ఇవన్నీ ఉన్న నక్షత్రమండలానికి ఇంగ్లీషు పేరు ఒరాయన్.

ఎనిమిదింటికి అంతా పైకి వచ్చేసింది. కావిడికి కుడివైపు నీలం తెలుపు రైగెల్, ఎడంవైపు నిప్పుకణికలాంటి చుక్క.

"అదే నాన్నా, ఆరుద్ర."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇదేటి, నిజంగానే ఎర్రగున్నాది" అన్నాడు.

బీటిల్‌జూస్ అని పిలిచే ఆ నక్షత్రం ముసలిది. సూర్యుడి చోట పెడితే కుజుడి కక్ష్య కూడా దాని కడుపులోకి పోతుంది, అంతలా ఉబ్బిపోయింది. 2019 చివర్లో కంటికి తెలిసేంతగా మసకబారితే పేలిపోతుందేమో అనుకున్నారు. తీరా చూస్తే అది వదిలిన పదార్థమే ధూళిగా మారి అడ్డం పడింది. ఎప్పటికో పేలడం మాత్రం ఖాయం.

ఇక నీహారిక. కావిడి పక్కన సన్నని చుక్కల వరస ఇంకోటి ఉంటుంది. అందులో నడిమిది ఒట్టి కంటికే కాస్త అలుక్కుపోయినట్టుంటుంది. బైనాక్యులర్ ఇచ్చి, చేతులు వణక్కుండా మోచేతులు పడవ అంచు మీద పెట్టించాను. చూసి, వెంటనే దింపేశాడు. "అద్దం మీద మంచు పట్టింది" అని తువ్వాలుతో తుడిచాడు. మళ్ళీ చూశాడు. మళ్ళీ తుడిచాడు. మూడోసారి దింపలేదు.

"ఇది మంచు కాదేటి?"

కాదు. ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళడానికి వెలుగుకే 20 ఏళ్ళకు పైగా పట్టేంత పెద్ద వాయుమేఘం. మన దగ్గరికి రావడానికైతే సుమారు 1,340 ఏళ్ళు. సాయంత్రం చెయ్యి ఆనించిన ఆ ఇటుకల మధ్య బౌద్ధ భిక్షువులు తిరుగుతున్న రోజుల్లో బయల్దేరిన వెలుగు ఇప్పుడు నాన్న కొత్త కంట్లో పడుతోంది. చెప్తుంటే నా గొంతే కొంచెం పట్టేసింది.

ఫొటోల్లో గులాబీ రంగులో ఉంటుందని చెప్తే, మరి నాకు బూడిద రంగేటని అడిగాడు. అంత తక్కువ వెలుగులో మన కన్ను రంగులు పట్టలేదు. కెమెరా నిమిషాల తరబడి వెలుగును పోగుచేస్తుంది కాబట్టి హైడ్రోజన్ ఎరుపు బయటపడుతుంది. ఆ మేఘం నడుమ, టెలిస్కోపుతో చూస్తే, నాలుగు పసి నక్షత్రాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. చుట్టూ ఉన్న వాయువును వెలిగించేది ముఖ్యంగా వాటిలో ఒక్కటే. అక్కడ కొత్త నక్షత్రాలు ఇంకా పుడుతూనే ఉన్నాయి.

"అయితే నారుమడన్నమాట" అన్నాడు. ఎన్ని పుస్తకాలు చదివినా నాకు ఇంత సరైన మాట దొరకలేదు.

కావిడి కింది చుక్క దగ్గర గుర్రం తలలాంటి నల్ల మేఘం కూడా ఉంది. 1888లో తీసిన ఫొటో ప్లేటు మీద ఖగోళ శాస్త్రవేత్త విలియమీనా ఫ్లెమింగ్ దాన్ని కనిపెట్టారు. మా బైనాక్యులర్‌కి అది అందదు. పదింటికి దక్షిణాన సముద్రం పైన అగస్త్య నక్షత్రం కూడా కనిపించింది. నాన్న దండం పెట్టాడు.

మంచు నిజంగానే దిగడం మొదలైంది, పడవ అంచు తడిసిపోయింది. లేద్దామన్నాను. ఆయన లేవలేదు.

"కార్తెలో ఇది సూర్యుడితో పాటే ఉంటాదన్నావు కదా?"

"అవును నాన్నా."

"అయితే నేను నారు పోసిన ప్రతేడాదీ పగలు నా నెత్తిమీదే ఉన్నాదన్నమాట."

మళ్ళీ బైనాక్యులర్ కోసం చెయ్యి చాచాడు.