నలభై గజాల కాగితం

పోయినేడు ఏప్రిల్‌లో వేటకు వెళ్ళి నేను తుపాకితో కొట్టిన అడవి టర్కీ పుంజు కింద పడలేదు. నాలుగు ఈకలు రాలాయి, పుంజు లేచి లోయ అవతలికి ఎగిరిపోయింది. బావ, నేను పొద్దు వాలేదాకా ఆ పొదలన్నీ గాలించాం. దొరకలేదు. దెబ్బ తిన్న పక్షి ఎక్కడో ముడుచుకుని చచ్చిపోయి ఉంటుందన్న దిగులు ఏడాది పొడుగునా నన్ను వదల్లేదు. అందుకే ఈసారి వేట సీజన్ మొదలవడానికి రెండు రోజుల ముందే బయల్దేరాం. ముందు కాగితం మీద కాల్చి చూసుకోవాలి, ఆ తర్వాతే అడవిలోకి వెళ్ళాలి అనుకున్నాం.

అమెరికాలో మేముండే మిజోరి రాష్ట్రంలో, సెయింట్ లూయిస్ నుంచి ఐ-44 హైవే మీద క్యూబా అనే ఊరి దాకా వెళ్ళి, అక్కడ హైవే 19 ఎక్కితే స్టీల్‌విల్, సేలం మీదుగా దారి ఓజార్క్ కొండల్లోకి మెలికలు తిరుగుతూ పోతుంది. ఏప్రిల్లో ఆ దారి చూసి తీరాలి. ఓక్ చెట్లకు ఇంకా ఆకు నిండదు. వాటి నీడన డాగ్‌వుడ్ తెల్లగా, రెడ్‌బడ్ వంగపువ్వు రంగులో విరగబూసి ఉంటాయి.

దారంతా బావ టర్కీల కబుర్లే. "1950ల మొదట్లో మిజోరి మొత్తం మీద 2,500 కూడా మిగల్లేదురా. ఉన్నవాటిని వలేసి పట్టి, కొత్త అడవుల్లో వదిలి పెంచారు. 1960లో గానీ మళ్ళీ సీజన్ తెరవలేదు" అన్నాడు. ఇక్కడ తూటాల మీద 11 శాతం పన్ను ఉంది. 1937 నాటి చట్టం ప్రకారం ఆ డబ్బు అడవి జంతువుల సంరక్షణకే వెళ్తుంది. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి, 1991లో దాన్ని ఇంకా బిగించాక వేట అన్న మాటే లేదు. అక్కడ పెరిగిన నాకు ఈ లెక్క ఒంటబట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది.

సేలం దాటాక బావ పాత మేనేజరు గారి పొలం ఉంది. గడ్డి మైదానం చివర మట్టిగట్టు, దాని వెనక కొండ. కాల్చడానికి అంతకంటే క్షేమమైన చోటు ఉండదు. హార్డ్‌వేర్ షాపులో కొన్న గోధుమరంగు కాగితం చుట్ట విప్పి చెక్కకు కొట్టాం. అక్క ఇచ్చిన పది అంగుళాల పళ్ళెం బోర్లించి, చుట్టూ గీత గీశాం. ఈ తుపాకి తూటాలో ఉండేది ఒక్క గుండు కాదు, వందల సన్న గుళ్ళు. నలభై గజాల నుంచి కాలిస్తే ఆ గీత లోపల వంద గుళ్ళు పడాలన్నది వేటగాళ్ళు పెట్టుకున్న కొలత. టర్కీకి తలా మెడా మాత్రమే గురి. ఒంటికి కాలిస్తే రెక్కల కింద నాలుగు గుళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయి ఎక్కడో చస్తుంది.

తుపాకి ఆనించడానికి బావ డిక్కీలోంచి సోనా మసూరి సంచి తీశాడు. అందులో ఇసుక నింపుకొచ్చాడు.

"ఖరీదైన తూటాలు తర్వాత. ముందు చవకవాటితో నీ తుపాకి ఎటు కొడుతోందో చూద్దాం" అన్నాడు.

చెవులకు మఫ్‌లు పెట్టుకుని, మామూలు టార్గెట్ తూటాలతో పాతిక గజాల నుంచి మూడుసార్లు కాల్చాను. కాగితం దగ్గరికి వెళ్ళి చూస్తే కడుపులో దేవినట్టయింది. మూడుసార్లూ గుళ్ళ గుంపు నేను గురిపెట్టిన చుక్క మీద లేదు, అయిదారు అంగుళాలు పైన ఉంది. ఇన్నాళ్ళూ దూరం తప్పు అంచనా వేశాననే అనుకున్నాను. బావ ఇంకోసారి కాల్చమని పక్కనే కూర్చుని నా మొహం చూశాడు.

"చెంప లేపేస్తున్నావు. పిట్టను చూద్దామన్న ఆత్రంలో తల పైకొస్తోంది. తల లేస్తే దెబ్బా పైకే పోతుంది."

చెంప తుపాకి కర్రకు గట్టిగా ఆనించి, గొట్టం చివరి గురి పూసను గొట్టం మీది చదును పట్టీకి సరిగ్గా కూర్చోబెట్టి కాల్చాను. గుంపు కిందికి దిగి చుక్క మీద కూర్చుంది. పోయినేటి పుంజు సంగతి నాకు అప్పుడు అర్థమైంది. తప్పు తూటాది కాదు, నాది.

ఇక అసలు తూటాలు. నాది 12 గేజ్ (గేజ్ అంటే గొట్టం లోపలి వెడల్పు కొలత, అంకె చిన్నదైతే గొట్టం పెద్దది), బావ అక్క కోసం కొన్న 20 గేజ్ కూడా తెచ్చాడు. ఆ రెండు రకాల తూటాలనూ ఒకే జేబులో పెట్టనివ్వడు. 20 గేజ్ తూటా పొరపాటున 12 గేజ్ గొట్టంలో జారి ఇరుక్కుంటే, దాని వెనక ఇంకో తూటా పెట్టి కాలిస్తే గొట్టం పగులుతుంది. 20 గేజ్‌కు పసుపు రంగు వేసేది అందుకే.

సీసం గుళ్ళలో నంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నదవుతుంది. మిజోరిలో టర్కీకి 4 కంటే పెద్ద గుండు వాడకూడదు. అందుకని 4, 5, 6 తీసుకున్నాం. మూడు అంగుళాల తూటాలు, అన్నిట్లోనూ ఒకటిముప్పావు ఔన్సుల సీసం. గుళ్ళు చెదిరిపోకుండా గొట్టం మూతిని ఇరుకు చేసే చోక్‌ను, తుపాకితో వచ్చిన ఫుల్ చోక్‌నే, మార్చలేదు. నలభై గజాలు లేజర్‌తో కొలిచాం. మొదటిది కాల్చగానే భుజం మీద గుర్రం తన్నినట్టు తన్నింది. ఒక్కో కాగితం మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో చిల్లు చిల్లుకూ చుక్క పెడుతూ లెక్కపెట్టాం. ఎండలో అదే పెద్ద పని. 4 నంబరు గీత లోపల 41, 5 నంబరు 63, 6 నంబరు 104. మూడు పెట్టెల మీదా దూరం కొడతాయనే రాసి ఉంది. 4 నంబరు కాగితంలోనైతే సరిగ్గా తల ఉండాల్సిన చోట అరచేయంత ఖాళీ.

బావ తన టంగ్‌స్టన్ లోహపు గుళ్ళ తూటా ఒకటి ఇచ్చాడు. సీసం ఘన సెంటీమీటరుకు 11 గ్రాముల చిల్లర, ఇది 18. బరువు ఎక్కువ కాబట్టి ఆవగింజంత 9 నంబరు గుండు కూడా లోతుగా దిగుతుంది. గుండు చిన్నది కాబట్టి తూటాలో ఎక్కువ పడతాయి. గీత లోపల 187 లెక్కపెట్టాం. అయిదు తూటాల పెట్టె 50 డాలర్లకు పైమాటే.

అంత బాగున్నా నేను 6 నంబరు సీసమే ఉంచుకున్నాను. టంగ్‌స్టన్ చేతిలో ఉంటే అరవై గజాల్లో పుంజు కనబడ్డా నా వేలు ఆగదని నాకు తెలుసు. సన్న సీసానికి దూరం పోతే ఊపు తగ్గుతుంది కాబట్టి, వంద పైన పడ్డా నలభైకి కాక 35 గజాలకే గీత గీసుకున్నాను. చివరిగా పది గజాల నుంచి కూడా ఒకటి కాల్చాం. గుళ్ళన్నీ కలిసి ఒక్కటే చిల్లు, పిడికిలి కంటే కాస్త పెద్దది. దగ్గరికొచ్చిన పుంజుకు కూడా జనం గురి ఎందుకు తప్పుతారో ఆ చిల్లు చూస్తే తెలుస్తుంది.

సోమవారం చీకటితోనే ఓక్ చెట్టుకు వీపు ఆనించి కూర్చున్నాం. ఒంటి మీద ఎరుపు, తెలుపు, నీలం లేకుండా చూసుకున్నాం. పుంజు తల రంగులు అవే, పక్క వేటగాడు పొరబడతాడు. తెల్లవారుతుండగా కొమ్మ మీంచి పుంజు కూసింది. బావ చెక్క డబ్బా గీకి పెట్టలా పిలిచాడు. తోక విసనకర్రలా విప్పుకుని వచ్చింది. కానీ నేను ముందే కొలిచి పెట్టుకున్న 35 గజాల మొద్దు అవతలే ఆగిపోయింది. లేజర్ 47 చూపించింది. అరగంట అక్కడే తిరిగింది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, వేలు ట్రిగ్గర్ గార్డు బయటే పెట్టుకున్నాను. చివరికి పెట్ట వెంట కొండెక్కి వెళ్ళిపోయింది. బావ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాడు, ఏమీ అనలేదు.

మర్నాడు ఇంకో పుంజు 28 గజాల్లోకి వచ్చింది. చెంప కర్రకు ఆనించే ఉంచాను. రెక్కలు రెండుసార్లు కొట్టుకుని అక్కడే పడింది.

వేట పర్మిట్ మీద గుర్తు కోసి, పుంజును కొట్టినట్టు ఫోన్లో నమోదు చేయించి ఇంటికి తెచ్చాం. కాళ్ళు కుక్కర్‌లో ఎనిమిది విజిల్స్ వచ్చినా సగమే ఉడికాయి, ఇంకో ఆరు పెట్టాక గోంగూరలో వేసింది అక్క. మెడ శుభ్రం చేస్తుంటే వెన్నుపూసలో దిగబడిన గుండు ఒకటి దొరికింది, ఒకవైపు చదునైపోయి. కడిగి, గరాజ్ గోడకు అంటించిన 6 నంబరు కాగితం కింద, మేకు పక్కన పెట్టాను.