ఫ్రాన్స్‌లో తలగుడ్డ గొడవ: చట్టం అసలు ఏమంటోంది?

ఫ్రాన్స్‌లో హిజాబ్ నిషేధం అనగానే దేశమంతటా నిషేధం అనుకుంటారు చాలామంది. అది తప్పు. 2004 మార్చి 15 నాటి చట్టం ప్రభుత్వ బడులకే, అంటే లిసే (హైస్కూలు చివరి దశ) దాకానే. యూనివర్సిటీ విద్యార్థులకు వర్తించదు. మతం కొట్టొచ్చినట్టు కనబడే గుర్తులు కూడదు: తలగుడ్డ, యూదుల చిన్న టోపీ కిప్పా, పెద్ద సిలువ. మెడలో చిన్న లాకెట్ ఉంటే ఫరవాలేదు. సిక్కు పిల్లల తలపాగా కూడా ఇందులోనే చిక్కుకుంది, పాపం. శిక్ష వేసేముందు బడి ఆ విద్యార్థితో మాట్లాడి తీరాలని చట్టంలోనే రాశారు.

ముఖం కప్పుకోవడంపై 2010 చట్టం వేరు. అది వీధిలోనూ వర్తిస్తుంది, జరిమానా 150 యూరోల దాకా.

వీటి వెనకున్నది మతాన్నీ రాజ్యాన్నీ విడదీసిన 1905 చట్టం. కానీ అప్పట్లో జర్మనీ చేతిలో ఉన్న అల్సాస్, మొసెల్‌ ప్రాంతాలలో అది నేటికీ అమలు కాదు. అక్కడ క్యాథలిక్, ప్రొటెస్టెంట్, యూదు మతగురువులకు ప్రభుత్వమే జీతమిస్తుంది, ఇమాములకు ఇవ్వదు. లౌకికవాదం అందరికీ ఒకటే అనే వాదన నా దృష్టిలో బలహీనపడేది సరిగ్గా ఇక్కడే.